లాస్ట్ ఎంత?

కథల్ని విమర్శించడానికి పండితులున్నారు, సినిమాల్ని విమర్శించడానికి మనమందరం ఉన్నాం. ఫోన్లో పాతవస్తువులు అమ్మేవాళ్ల ప్రకటనల్ని మాత్రం ఏ విమర్శకుడూ పట్టించుకోడు. అవీ రచనలే కదండీ! ఒక రచయిత, బోలెడంతమంది పాఠకులు, పైగా ప్రతి పాఠకుడూ కింద ఒక అభిప్రాయం రాసిపోతాడు. ఆ అభిప్రాయం ఎప్పుడూ ఒకటే: "లాస్ట్ ఎంత?"

ముందు రచయిత సంగతి చూద్దాం. మొఘల్‌పురాలో ఉండే మాబోటివాళ్లకు పాతసామాను కొత్తకాదు. చార్మినారు నడిచిపోయే దూరం, గురువారం వస్తే జుమ్మేరాత్ బజారు ఉండనే ఉంది. అయినా ఈమధ్య సామాను ఇంట్లోంచి తిన్నగా ఫోనెక్కుతోంది. "మూడొందల ఏళ్లనాటి నిజాం నాణెం, అతి అరుదు, 50 వేలు" అని రాస్తాడొకాయన. తీరా చూస్తే చార్మినారు బొమ్మ ఉన్న వెండి రూపాయి. ఆ బొమ్మతో హైదరాబాదు రూపాయలు వచ్చింది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో. చార్మినారు ద్వారంలో 'మీమ్' అక్షరం ఉంటే మహబూబ్ అలీఖాన్ కాలానిది, 'ఐన్' ఉంటే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్ కాలానిది. బరువు 11 గ్రాముల పైచిలుకు, అందులో వెండి నూటికి 82 పాళ్లు. ఇంత నిజం చేతిలో ఉండగా అబద్ధపు వయసు దేనికి? ఆడవాళ్లు వయసు తగ్గించి చెబుతారని వెక్కిరిస్తారు గానీ, పెంచి చెప్పేవాళ్లను ఇక్కడే చూశాను.

రెండో లోపం మెరుగు. అమ్మేముందు చింతపండు పెట్టి తళతళలాడేట్టు తోముతారు. సేకరించేవాళ్ల దృష్టిలో తోమిన నాణేనికి విలువ తగ్గుతుంది. బిద్రీ అయితే మరీనూ. జింకు, రాగి కలిపి పోతపోసి, వెండి తీగె పొదిగి, బీదరు కోట మట్టితో నలుపెక్కించడంలోనే ఉంది దాని అందమంతా. ఆ నలుపునే మురికనుకుంటే ఇహ ఏం చెప్పను!

పాఠకులేం తక్కువ తినలేదు. బజార్లో అయితే వస్తువు చేత్తో పట్టుకుని, అటూ ఇటూ తిప్పిచూసి, "ఇంతకిస్తావా?" అని మనమే ఒక అంకె చెబుతాం. సరేనన్నాక కొని తీరాలి. కొనకుండా కదిలితే వెనకనుంచి వినబడే మాటలు మనకు తెలియనివా? ఫోన్లో ఆ భయం లేదు. వస్తువు పూర్తిగా చూడరు, తమ ధర చెప్పరు, చెప్పి ఒప్పించుకున్నాక మాయమైపోతారు.

వేలంపాటలో ఇంతకన్నా మర్యాద ఉంది. ఈబేలో మనం పెట్టగలిగే గరిష్ఠ ధర ఒక్కసారి రాసి ఊరుకోవచ్చు. యంత్రమే మన తరఫున అవసరమైనంత మేరకు పెంచుతుంది. గెలిస్తే రెండో మనిషి పాటకంటే ఒక్క మెట్టు పైన కడితే చాలు. ఇలాంటి పద్ధతిని గురించి 1961లో రాసిన విలియం విక్రీకి 1996లో నోబెల్ బహుమతి వచ్చింది. తమాషా ఏమిటంటే, అమెరికాలో తపాలా బిళ్లలు సేకరించేవాళ్లు 1893 నాటికే ఈ పద్ధతిలో వేలం పాడుకున్నారు. నీకెంత విలువో నిజం చెప్పు, చెప్పిన మాటమీద నిలబడు. అంతే సూత్రం.

ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అంటారేమో. మా వీధిలో ఒక పెద్దావిడ మందుల ఖర్చుకని అత్తగారినాటి పాన్‌దాన్ అమ్మకానికి పెట్టించింది. మనవడు "పాత నల్ల డబ్బా, 800" అని రాశాడు. కొనేవాడు మొదట అడిగింది, "వెండి తీగె ఎక్కడైనా ఊడిందా?" అని. అంటే అది బిద్రీ అని ఆయనకు తెలుసన్నమాట! ఆ వెంటనే, "పాత డబ్బాకు 800 ఎందుకు, 500 లాస్ట్" అన్నాడు. ఆవిడ ఇచ్చేసింది.

ఇది బేరం కాదు. దుకాణదారుతో ఎంతైనా బేరమాడండి, ధరలు ఆయనకూ తెలుసు. అవసరానికి ఇంట్లో వస్తువు అమ్ముకునేవాళ్ల దగ్గర మాత్రం ముందు వస్తువు పేరు చెప్పండి, తరవాత ధర చెప్పండి. అప్పుడు తగ్గించి అడిగినా తప్పులేదు, ఇద్దరికీ తెలిసే జరుగుతుంది.

ఇంతా చదివి, ఈ వ్యాసం లాస్ట్ ఎంతని మాత్రం అడక్కండేం!