వాలు తెలిసిన చేతులు

విశాఖపట్నంలో కొండవార ఇళ్ల పెరళ్లలో మట్టిపని చేసే మంచి మేస్త్రి వస్తూనే పార పట్టడు. వాన పడుతున్నప్పుడు వచ్చి నిలబడి చూస్తాడు. డాబా నీళ్లు ఎక్కడ దూకుతున్నాయి, ఎర్రమట్టిని ఎటు కోసుకుపోతున్నాయి? నూరు చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 5,000 లీటర్లు. అంత నీటికి ఎదురుగా గోడ కట్టేస్తానన్నవాణ్ణి నేను నమ్మను.

మంచి మేస్త్రి నీటిని ఆపడు, దాని వేగం తగ్గిస్తాడు. నీళ్లు నింపిన గొట్టంతో మట్టం చూసుకుంటూ, వాలుకు అడ్డంగా ముగ్గు పోస్తాడు. ఆ గీత వెంట లోతు తక్కువ కాలువ తీసి, తవ్విన మట్టితో పల్లం వైపు గట్టు వేస్తాడు. గట్టు కింద సిమెంటు లేని రాతికట్టు. ప్రతి రాయి పొడవూ కొండలోపలికి పోవాలి, కట్టు కాస్త వెనక్కి వాలి ఉండాలి. సందుల్లోంచి నీరు కారిపోతుంది కనుక వెనక ఒత్తిడి పెరగదు. నన్ను బాగా ఆకట్టుకునేది మాత్రం గట్టు చివర రాళ్లు పరిచి వదిలిన పొర్లుదారి. తుఫాను వాన ఏ కాలువలోనూ ఇమడదు మరి.

చెట్లనీడలో పని ఇంకా సున్నితం. మామిడి వేరు తగిలితే కాలువను పక్కకు తిప్పుతాడు. మొదలు చుట్టూ మట్టి పోయనివ్వడు. మట్టి కొట్టుకుపోకుండా వట్టివేరు నాటమని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు, కానీ దానికి ఎండ కావాలి. ఇక్కడ పసుపు దుంపలు నయం. రాలిన ఆకుల్ని నేలమీదే ఉంచమంటాడు. పెరడు అద్దంలా ఊడ్చి ఉంచాలనే ఇల్లాళ్లతో అతనికి పేచీ అక్కడే.