జీర్ణోద్ధార విచారము: హేవలాకు వంతెనయు శబరీతీరమును

రాజమహేంద్రవరముకడ గోదావరిపై 1900వ సంవత్సరమునఁ దెఱవఁబడి, 1997లో రైళ్ల రాకపోకలు నిలిచిపోయిన హేవలాకు ఇనుప వంతెనను విహారస్థలముగా మార్చు పూనిక చాలకాలమునుండి వినవచ్చుచున్నదే. 2025లో అఖండ గోదావరి పథకమునకు శంకుస్థాపనము జరిగినప్పుడు, సుమారు 94 కోట్ల రూపాయల యా పథకములో వంతెనయుఁ జేరినది. పరదేశములలో నిట్టివి సిద్ధించినవి. లండనులో 1981లో మూఁతపడిన బ్యాంక్‌సైడు విద్యుత్కేంద్రము 2000లో చిత్రశాల యైనది. జర్మనీలో ఎస్సెను నగరపు ట్సోల్‌ఫరైను బొగ్గుగని 1986లో మూఁతపడి, 2001లో ప్రపంచ వారసత్వస్థలములలోఁ జేరినది. కావున పనిమానిన యంత్రస్థలమును కళతో బ్రదికించుట యసాధ్యము కాదు. ఆ కళ యెవ్వరిది, అచట నది యేమి చేయును అనునదియే విచార్యము.

ఇట్టి పనికి జీర్ణోద్ధార మను మాట వాడుట పరిపాటి. ఉత్పూర్వకమైన హృధాతువునకు ఘఞ్ చేరఁగా, హకారము పూర్వసవర్ణముచే ధకారమై, ఉద్ధారశబ్దము సిద్ధించును. ఆ ధాతువునకే అప యను నుపసర్గ చేరిన నపహార మగును. ధాతు వొక్కటే, ఉపసర్గయే భేదము. గోడలపై బొమ్మలు వ్రాయఁబూనువా రీ భేదమును మఱవరాదు.

చింతూరు శబరీతీరమునఁ గలదు. శబరి కూనవరముకడ గోదావరిఁ గలియును. ఆ నీరే యీ వంతెనక్రిందఁ బాఱును. పోలవరము జలాశయపు ముంపు నిమిత్తముగా 2014లో చింతూరు, కూనవరము, వరరామచంద్రాపురము మండలములు ఖమ్మము జిల్లానుండి తూర్పుగోదావరి జిల్లాకు మార్చఁబడినవి. ఊళ్లు విడువవలసినవారిలోఁ గోయలు పెక్కురు. గోదావరీజనుల కళ నిచటఁ జూపఁదలఁచినచో, కొమ్మునృత్యమే మొదట చిత్రకారుల కంటఁబడును. అడవిదున్న కొమ్ములు గల తలకట్టు, పెద్దడోళ్లు, వరుసగా నడుగులు వేయు పురుషులు, ఇవి చూచుటకు ముచ్చటగానే యుండును. ఊరు నీటఁ గలియఁగా నాట్యము రంగుబొమ్మగా మిగులుట యెట్టి యుద్ధారము?

కోయల పడిగె యిందులకు మంచి నిదర్శనము. వంశమువారి వేల్పుల కథ చిత్రింపఁబడిన గుడ్డజెండాయే పడిగె. అది స్వయముగాఁ బలుకదు. డోలివారు దానిని విప్పి, వాద్యము వాయించుచు, వంశకథ పాడినప్పుడే సార్థకము. 2022లో పద్మశ్రీ పొందిన సకిని రామచంద్రయ్య యట్టి గాయకుఁడు. ఆయన విద్య కంఠస్థము. శబ్దార్థసంబంధము నిత్యమని వైయాకరణుల సిద్ధాంతము. పడిగెయందుఁ జిత్రమునకుఁ బాటకును గల సంబంధము మాత్రము పాడువాఁ డున్నంతవఱకే. ఇనుపకంబముమీఁది దాని నకలు చదువరి లేని లిపివంటిది.

వంతెనపై నలంకారమే వలదని కాదు. ధవళేశ్వరములోని కాటను ప్రదర్శనశాలలో ఆనకట్ట కట్టిననాఁటి యంత్రములు నిలుపఁబడినవి. యంత్రము తన చరిత్రను దానే చెప్పుకొనఁగలదు. ఏబదియాఱు అంకణముల వంతెనకు నంతకంటె నాడంబర మేల? శబరీతీరపు కళకుఁ జో టీయఁదలఁచినచో గోడకంటె వేదిక మేలు. ఏటేట డోలివారిని, కొమ్మునర్తకులను బిలిచి, తగిన పారితోషిక మిచ్చి, కోయభాషలోనే పాడించి, ఆ పాటను దెలుఁగులిపిలో నర్థముతోఁ బ్రకటింపవలెను. ఏ పడిగె నెప్పుడు విప్పవలెనో నిర్ణయించువారు ఆ వంశమువారే కావలెను. సమ్మతింపనివారి పడిగె వారి పెట్టెలోనే యుండనిండు.