ప్రహరీ దగ్గర ఆగిన ప్రణాళిక: రామచంద్రాపురం భెల్ టౌన్‌షిప్, పటాన్‌చెరు పారిశ్రామికవాడ – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వరంగ కర్మాగారాల చుట్టూ వెలసిన ఉద్యోగుల నివాసపట్టణాలను ‘సోషలిస్టు నగరాలు’గా పేర్కొనడం పరిశోధనలో కనిపించే అలవాటు. సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురంలోని భెల్ టౌన్‌షిప్ ఆధారంగా ఈ పేరు ఎంతవరకు చెల్లుతుందో ప్రస్తుత వ్యాసం విచారిస్తుంది. టౌన్‌షిప్‌నూ, దాని పక్కనే పెరిగిన పటాన్‌చెరు పారిశ్రామికవాడనూ రెండు అధ్యాయాలుగా విడదీయక ఒకే చరిత్రగా చదవాలన్నది ఇందులోని ప్రతిపాదన. స్థలనామాలు, వాడుకభాష ఈ పఠనానికి ప్రధానాధారాలు.

కీలకపదాలు: రామచంద్రాపురం, భెల్, పటాన్‌చెరు, టౌన్‌షిప్, స్థలనామం, నక్కవాగు, పాశమైలారం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ఊరికి పేర్లు తక్కువేమీ లేవు. పల్లె, పాలెం, పాడు, పేట, పురం, పట్టణం, వాడ, గూడెం – ప్రతి పదం వెనుక ఒక వృత్తో, ఒక కులమో, ఒక రాజో ఉన్నారు. ‘టౌన్‌షిప్’ అన్న మాటకు మాత్రం తెలుగులో నిలదొక్కుకున్న పదం లేదు. ‘నివాసపట్టణం’ అని ఈ వ్యాసంలోనే రాయవలసి వచ్చింది గాని, అక్కడ నివసించినవారు ఎవరూ ఆ మాట అనరు. ‘టౌన్‌షిప్’ అంటారు, లేదా ‘క్వార్టర్స్’ అంటారు. ఇది పారిభాషిక పదాల కొరత అనుకొని వదిలివేయదగిన విషయం కాదు. ఊరు అనే భావనలోకి ఆ స్థలం పూర్తిగా ఇమడలేదనడానికి భాష ఇస్తున్న సాక్ష్యం ఇది.

2. పేర్ల పొరలు

పటాన్‌చెరు ప్రాచీన స్థలం. పశ్చిమ చాళుక్య రాజు రెండవ జయసింహుని కాలపు రాజధానిగా ప్రసిద్ధమైన పొట్టలకెరె ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. జైనానికి కేంద్రంగా కూడా ఈ ఊరు పేరుపొందింది. కన్నడ ‘కెరె’, తెలుగు ‘చెరువు’ ఒకే అర్థాన్ని మోస్తున్నాయి. భాష మారినా, పాలకులు మారినా ఈ ఊరు నీటి పేరుతోనే వెయ్యేళ్లు నడిచిందన్నమాట. పారిశ్రామికవాడ చరిత్రలో నీటికి పట్టిన గతి తెలిసిన వారికి ఈ పేరు కొంత బరువుగానే వినిపిస్తుంది.

పాశమైలారం, ఎద్దుమైలారం అన్న పేర్లు కూడా గమనించదగినవి. దక్కనులో గొల్లకురుమలు, రైతులు కొలిచే మైలారదేవుడు, అంటే మన మల్లన్న, ఈ రెండింటిలోనూ కనిపిస్తాడు. ఒక మైలారంలో ఇప్పుడు రసాయన, ఔషధ కర్మాగారాలున్నాయి. రెండవ మైలారంలో యుద్ధవాహనాలు తయారవుతాయి.

వీటిమీద కొత్త పొర అక్షరాలది. రామచంద్రాపురం ‘ఆర్.సి.పురం’ అయింది. భెల్ ఉద్యోగుల కోసం టౌన్‌షిప్ వెలుపల ఏర్పడిన కాలనీలు ‘ఎల్.ఐ.జి.’, ‘ఎం.ఐ.జి.’, ‘హెచ్.ఐ.జి.’ అయ్యాయి. ఇవి గృహనిర్మాణ శాఖల ఆదాయవర్గ సంకేతాలు: అల్పాదాయం, మధ్యాదాయం, అధికాదాయం. ‘మీరెక్కడుంటారు?’ అన్న ప్రశ్నకు ‘ఎం.ఐ.జి.లో’ అని జవాబు చెప్పేవారు తమ జీతం స్థాయిని చెబుతున్నామని అనుకోరు. పూర్వం వాడపేరు కులాన్ని చెప్పేది. ఇక్కడ వాడపేరు ఆదాయాన్ని చెబుతోంది. సమసమాజం పేరుతో మొదలైన నిర్మాణం తన ఆనవాళ్లను ఇలాంటి పేర్లలో మిగల్చడం యాదృచ్ఛికమని నేను భావించను.

3. నమూనా, దాని అనువాదం

సోషలిస్టు పారిశ్రామిక నగరానికి ప్రసిద్ధమైన ఉదాహరణలు సోవియట్ యూనియన్‌లోని మాగ్నితోగోర్స్క్, పోలెండులోని నోవా హుతా. క్రాకోవ్ నగరం పక్కన 1949లో నోవా హుతా నిర్మాణం మొదలైంది. పల్లెల నుండి వచ్చిన రైతుబిడ్డలను కార్మికులుగా, కార్మికులను కొత్త మనుషులుగా మార్చడం దాని ప్రకటిత లక్ష్యం. అందుకే ఆ నగరపటంలో చర్చికి చోటివ్వలేదు. చర్చి కోసం కేటాయించిన స్థలంలో నిలిపిన శిలువను తొలగించబోయినప్పుడు 1960లో అక్కడ పెద్ద ఘర్షణ జరిగింది. చివరికి 1977లో చర్చి ప్రారంభమైంది. ఏ కార్మికవర్గం కోసం ఆ నగరాన్ని కట్టారో ఆ వర్గమే తర్వాత సాలిడారిటీ ఉద్యమానికి బలమైన స్థావరమయింది. అంటే నోవా హుతాలో ప్రణాళికకూ మనిషికీ మధ్య పోరాటం నగరం లోపలే, నగరం మీద హక్కు కోసమే జరిగింది.

తెలుగు పాఠకులకు ఇటువంటి నగరం మొదట పుస్తకాల్లో పరిచయమైంది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో చవకగా దొరికేవి. ‘అతడు-ఆమె’ నవలాకారుడు ఉప్పల లక్ష్మణరావు మాస్కోలో ఉండి అనువాదాలు చేశారు. ఆ పుస్తకాల్లోని కర్మాగారం, కార్మికక్లబ్బు, గ్రంథాలయం మన అభ్యుదయ పాఠకుల ఊహలో స్థిరపడ్డాయి. రామచంద్రాపురాన్ని ‘సోషలిస్టు నగరం’గా చూసే దృష్టికి మూలం అక్కడి వాస్తవం కన్నా ఈ పఠన సంస్కారంలోనే ఎక్కువగా ఉందనిపిస్తుంది.

వాస్తవం వేరు. 1955 ఆవడి కాంగ్రెస్ మహాసభ ఆమోదించినది ‘సోషలిస్టు తరహా’ సమాజం. ఆ ‘తరహా’ అన్న మాటలోనే అసలు సంగతంతా ఉంది. 1956 పారిశ్రామిక విధాన తీర్మానం, రెండవ పంచవర్ష ప్రణాళిక భారీ పరిశ్రమలను ప్రభుత్వం చేతికిచ్చాయి. అదే ఏడాది భోపాల్ సంస్థ బ్రిటిష్ సహకారంతో ఏర్పడింది. తర్వాత సోవియట్ సహకారంతో హరిద్వార్, చెకొస్లోవేకియా సహకారంతో తిరుచిరాపల్లి, రామచంద్రాపురం కర్మాగారాలు వచ్చాయి. ఈ మూడింటి కోసం 1964 నవంబరులో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ సంస్థను నమోదు చేశారు. 1974లో భోపాల్ సంస్థ కూడా ఇందులో విలీనమయింది. చెకొస్లోవేకియా 1960లో తన పేరులో ‘సోషలిస్టు’ అన్న మాటను అధికారికంగా చేర్చుకొన్న దేశం. ఆ దేశం నుండి స్కోడా టర్బైను నమూనా వచ్చింది, శిక్షణ వచ్చింది. నగరం గురించిన భావన మాత్రం రాలేదు. రామచంద్రాపురం టౌన్‌షిప్ స్వభావంలో ప్రాహాకన్నా మన రైల్వే కాలనీకి, కంటోన్మెంటుకు దగ్గరి చుట్టం.

4. ప్రాకారం లోపల

ప్రభుత్వరంగ నిర్మాణాలను ఆధునిక దేవాలయాలతో పోల్చడం నెహ్రూ కాలం నుండి ఉంది. ఆ పోలికను పొగడ్తగానే తీసుకుంటూ వచ్చాం. దేవాలయ వాస్తు తెలిసినవారు దాన్ని ఇంకొంచెం ముందుకు లాగవచ్చు. ఆలయమంటే గర్భగుడి ఒక్కటే కాదు. దానికి ప్రాకారముంటుంది, గోపురముంటుంది, ప్రాకారం చుట్టూ సేవకులు నివసించే వీధులుంటాయి. ఎవరు ఎంతవరకు రావచ్చునన్న కట్టడి ఉంటుంది. భెల్ టౌన్‌షిప్‌లో ప్రహరీ, గేటు, హోదాను బట్టి తరగతులుగా విభజించిన క్వార్టర్లు, ఆసుపత్రి, బడులు, ఆటస్థలం ఉన్నాయి. వెడల్పు రోడ్లు, నీడనిచ్చే చెట్లు, వేళకు వచ్చే నీళ్లు, వేళకు మోగే సైరను ఉన్నాయి. నోవా హుతాకు భిన్నంగా గుడికి కూడా ఇక్కడ అడ్డు లేదు.

ఈ సౌకర్యాలను తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. భిన్న జిల్లాల, భిన్న రాష్ట్రాల, భిన్న కులాల కుటుంబాలు ఒకే వరుసలో, ఒకే కొలత ఇళ్లలో నివసించడం అంతకుముందు మన ఊళ్లు ఎరుగనిది. ఊరు కులాన్ని బట్టి వాడలను విడదీస్తే, టౌన్‌షిప్ గ్రేడును బట్టి విడదీసింది. గ్రేడు పుట్టుకతో రాదు, ప్రమోషనుతో మారుతుంది. ఈ తేడా చిన్నది కాదు. టౌన్‌షిప్‌ను కేవలం ఒక అధికార నిర్మాణంగా కొట్టిపారేసే వ్యాసాలు ఈ మౌలికమైన మార్పును చూడవు.

అయితే ఇందులో ఒక లోపం పునాదిలోనే ఉంది. క్వార్టరు ఉద్యోగానికి కట్టుబడినది. పదవీ విరమణతో ఇల్లు ఖాళీ చేయాలి. ముప్పై ఏళ్లు నివసించినవారికి అక్కడ సొంతమనే జాగా ఉండదు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు అది బాల్యం గడిచిన చోటు తప్ప, తెలుగువాడు ‘మా ఊరు’ అనే అర్థంలో ఊరు కాదు. పండుగకు వెళ్లే ఊరు, పొలమున్న ఊరు, ఇంటిపేరు పుట్టిన ఊరు వేరే ఉంటాయి. నోవా హుతా కార్మికుడు నగరం మీద హక్కు కోసం పోరాడగలిగాడు. రామచంద్రాపురం కార్మికుడు జీతం కోసం, బోనసు కోసం సంఘం పెట్టగలిగాడు గాని, ఊరి కోసం పోరాడే స్థితిలో లేడు. ఆ ఊరు అతనిది కాదు.

5. ప్రహరీ వెలుపల

పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970లలో రూపుదిద్దుకొంది. ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ 1973లో ఏర్పడింది. మెదక్ వెనుకబడిన జిల్లా కనుక అక్కడ పరిశ్రమ పెడితే రాయితీలుండేవి. పటాన్‌చెరు మెదక్ జిల్లాలో ఉంటూనే హైదరాబాదుకు కూతవేటు దూరంలో, బొంబాయి రహదారి మీద ఉంది. వెనుకబాటు రాయితీ, నగర సామీప్యం రెండూ కలిసొచ్చిన చోటు ఇంకేం కావాలి? 1980లో ఇందిరాగాంధీ మెదక్ లోక్‌సభ స్థానం నుండి గెలవడం ఈ ప్రాంతానికి మరింత రాజకీయ ప్రాముఖ్యాన్ని ఇచ్చింది.

ఇక్కడ ఔషధ పరిశ్రమ వేళ్లూనడానికి మరో ప్రభుత్వరంగ సంస్థ మూలం. సోవియట్ సహకారంతో బాలానగర్‌లో వెలసిన ఐ.డి.పి.ఎల్. కృత్రిమ ఔషధాల కర్మాగారం ఒక తరం రసాయన నిపుణులను తయారుచేసింది. 1972 నుండి అమలులోకి వచ్చిన పేటెంటు చట్టం మందుకు కాక, దాని తయారీ పద్ధతికి మాత్రమే హక్కులిచ్చింది. వేరే పద్ధతిలో అదే మందును చేసే వీలు కలిగింది. ఐ.డి.పి.ఎల్.లో పనిచేసిన కె. అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు. ఆ సంస్థ తొలినాళ్ల కర్మాగారాలున్నది బొల్లారంలోనే. సోషలిస్టు సహకారంతో నేర్చిన విద్య, జాతీయ స్వావలంబన కోసం చేసిన చట్టం, ప్రాంతీయ సమానత్వం కోసం ఇచ్చిన రాయితీ – ఈ మూడూ కలిసి పుట్టించినది ఏ ప్రణాళికా లేని ఒక ప్రైవేటు పారిశ్రామికవాడ. అందువల్ల ‘ప్రణాళికాయుగం’, ‘సరళీకరణయుగం’ అని మనం గీసే గీత పటాన్‌చెరు దగ్గర నిలవదు. ఆ గీత 1991 కన్నా ముందే ప్రహరీ రూపంలో నేలమీద ఉంది. లోపల ఇంటికి, నీటికి, వైద్యానికి లెక్క ఉంది. వెలుపల ఫ్లాటు నంబరుకు మాత్రమే లెక్క ఉంది.

ఫలితం నీటిలో కనిపించింది. వ్యర్థజలాలు ఇసుకవాగు, నక్కవాగుల గుండా మంజీరకు చేరాయి. పొలాలు, చెరువులు, బావులు పాడయ్యాయి. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ ఎ. కిషన్‌రావు నాయకత్వంలో గ్రామస్థులు ఉద్యమించారు. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1994లో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం పనిచేయనారంభించింది. 2007లో జోకిమ్ లార్సన్, సహపరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఆ కేంద్రం విడిచే శుద్ధిచేసిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్లు చూపింది. మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి ప్రపంచంలో ఎక్కడ చర్చ జరిగినా పటాన్‌చెరు పేరు వినిపించడానికి ఇదే కారణం.

తర్వాతి కాలంలో ఈ కేంద్రపు నీటిని పైపులైనుతో అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రానికి మళ్లించారు. భూగోళం తెలిసినవారు ఇక్కడ ఒక క్షణం ఆగాలి. మంజీర గోదావరికి ఉపనది. అంబర్‌పేట మూసీ ఒడ్డున ఉంది, మూసీ కృష్ణకు ఉపనది. ఒక నదీపరీవాహక ప్రాంతపు సమస్యను ఇంకొక నదీపరీవాహక ప్రాంతానికి పంపించడం మొత్తం మీద ఈ ప్రాంతంలో జరిగిన అతిపెద్ద ‘ప్రణాళిక’ కావచ్చు.

6. ఎద్దుమైలారం

రామచంద్రాపురం నమూనా రెండు దశాబ్దాల తర్వాత కూడా పునరావృతమయిందని చెప్పడానికి మెదక్ ఆయుధ కర్మాగారం చాలు. 1984లో పునాది, సోవియట్ బి.ఎం.పి.-2 వాహనం నమూనా, దాని పక్కన మళ్లీ అదే టౌన్‌షిప్. 2021లో ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దుచేసి సంస్థలుగా విభజించినప్పుడు ఇది ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్‌లో భాగమయింది.

7. విమర్శ ముందున్న పని

సింగరేణి బొగ్గుగనుల జీవితానికి తెలుగు కథ, నవల, పాట గట్టిగా స్పందించాయి. అల్లం రాజయ్య వంటి రచయితలు ఉండడం ఒక కారణం. గనికార్మికుడు అదే నేలమీది రైతుబిడ్డ కావడం, గనిభాష తెలంగాణ పల్లెభాషతో కలిసిపోవడం ఇంకో కారణం. పటాన్‌చెరుకు ఈ రెండూ అంతగా కలిసిరాలేదు. టౌన్‌షిప్‌లో పెరిగిన రచయితకు రాయడానికి ‘ఊరు’ లేదు. వాడలో పనిచేసే కార్మికునికి రాయడానికి తెలుగు లేదు. రెండవ మాటను కొంచెం వివరించాలి.

2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ ముడిపదార్థాల కర్మాగారంలో పేలుడు జరిగి నలభైమందికి పైగా మరణించారు. మృతుల్లో ఎక్కువమంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుండి వచ్చిన కార్మికులు. ఆ ఉదయం లోపల ఎందరున్నారన్నది వెంటనే తేలలేదు. మృతదేహాలను గుర్తించడానికి డి.ఎన్.ఎ. పరీక్షలు అవసరమయ్యాయి. కొద్ది మైళ్ల దూరంలో ప్రతి ఉద్యోగికీ క్వార్టరు నంబరు, టోకెను నంబరు, ఆసుపత్రి పుస్తకం ఉన్న టౌన్‌షిప్ ఉంది. రెండు చోట్లూ ఒకే జిల్లా, ఒకే రహదారి.

పారిశ్రామిక జీవితం మీద జరిగే తెలుగు పరిశోధన సాధారణంగా అచ్చయిన కథానికల జాబితాతో మొదలవుతుంది. ఈ ప్రాంతం విషయంలో ఆ జాబితా మనల్ని ఎంతో దూరం తీసుకువెళ్లదు. రామచంద్రాపురం విశ్రాంత ఉద్యోగుల జ్ఞాపకాలు, సంఘాల కరపత్రాలు, నాటక పోటీల ఆహ్వానపత్రాలు ఇంకా ఇళ్లలో ఉన్నాయి. క్వార్టర్లు ఖాళీ అవుతున్న కొద్దీ అవి పాతకాగితాల బండ్లకు చేరుతున్నాయి. వీటిని సేకరించడం తెలుగు శాఖలు చేయగలిగిన పని. ఇస్నాపూర్, ముత్తంగి, రుద్రారంలలో అద్దె గదుల్లో ఉంటున్నవారి సంగతి వేరు. 2007లో రామచంద్రాపురం, పటాన్‌చెరు మహానగరంలో కలిశాయి గాని, ఈ గదులు ఏ సాహిత్యపటంలోనూ కలవలేదు. వారి పాటలు ఒడియాలో, భోజ్‌పురిలో ఉన్నాయి. వాటిని నమోదు చేసే పరిశోధకునికి తెలుగుతోపాటు ఆ భాషల్లో కనీసం ఒక్కటైనా రావాలి. మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో పిహెచ్.డి. ప్రవేశానికి అటువంటి షరతు ఇప్పటికి లేదు.