బతుకమ్మ లోపల ఏముంటుంది?

మా పాపకు ఆరేళ్లు. 2025 పెత్రమాస నాడు పొద్దున్నే వరండాలో చాప పరిచి మొదటిసారి తనకొక పని అప్పగించాను. గునుగు కాడలూ గుమ్మడాకులూ సన్నగా తుంచి గంపలో వెయ్యాలి. కాసేపు శ్రద్ధగా తుంచింది. తర్వాత తలెత్తి అడిగింది. "అమ్మా, ఇవి లోపలికి పోతయి గదా. ఎవరికీ కనబడవు గదా. మరెందుకు?"

బతుకమ్మ పేర్చిన చేతులకు జవాబు తెలుసు. తాంబాలంలో ఆకులు పరిచి, అంచు వెంబడి తంగేడు పూలు గుండ్రంగా పెట్టుకుంటూ వస్తాం. ఆ పైన గునుగు. కాడలన్నీ ఒక్క పొడవున కోసి, గుప్పెడు గుప్పెడు దారంతో కట్టి, కొసలు రంగునీళ్లలో ముంచి ఆరబెట్టిన గునుగు. దానిమీద బంతి, ఆ పైన మళ్లీ గునుగు, కట్ల, చామంతి. పూల తలలు బయటికి, కాడలు లోపలికి. వరస పెరిగిన కొద్దీ నడుమ ఒక గుంట మిగులుతుంది. ప్రతి వరసకూ ఆ గుంటను తుంచిన ఆకులతో, మిగిలిన కాడలతో నింపి అరచేత్తో అదమాలి. అదమకపోతే నాలుగో వరస దగ్గరికి వచ్చేసరికి బతుకమ్మ లోపలికి కుంగిపోతుంది. పైన గుమ్మడిపువ్వు, పసుపు గౌరమ్మ నిలవవు. అంటే బతుకమ్మను నిలబెట్టేది పూలు కాదు, చెత్త అనుకుని మనం పక్కకు తోసే ఆకూ కాడా.

పాపకు ఇదంతా చెప్పాను. చెబుతుండగా నాకే ఒక సంగతి తట్టింది. బతుకమ్మను స్త్రీల కళ అని రాసిన వ్యాసాలు చాలా చదివాను, నేనూ ఒకటి రెండు రాశాను. రంగులు రాశాం, వరసలు రాశాం, పాటలు రాశాం, చప్పట్ల లయ రాశాం. ఈ నింపే పని గురించి రాసిన గుర్తు లేదు.

స్త్రీల చేతిపనిని సాహిత్యం పక్కన పెట్టి చదవడం మనకు కొత్తేమీ కాదు. అబ్బూరి ఛాయాదేవి 'బోన్‌సాయ్ బ్రతుకు' కథలో ముచ్చటగా పెంచుకునే కుండీ చెట్టును తీసుకుని, అది ఎట్లా పొట్టిగా మిగిలిందో అడిగారు. ఇంటి అలంకారాన్ని అనుమానంగా చూడటం మా తరం నేర్చుకున్నది ఆ కథ దగ్గరే. ఆవిడ స్వయంగా బొమ్మలు కూడా చేసేవారు, పనికిరావని పారేసే వస్తువులతో. ఆ కథకు దక్కిన విమర్శలో పదో వంతు కూడా ఆ బొమ్మలకు దక్కలేదు. కథ రాయడం సృజన, బొమ్మ చేయడం కాలక్షేపం అనే విభజనను స్త్రీవాదులమైన మనం కూడా పెద్దగా కదిలించలేదు.

దాన్ని కదిలించిన వాళ్లు బయట ఉన్నారు. 1974లో ఆలిస్ వాకర్ 'ఇన్ సెర్చ్ ఆఫ్ అవర్ మదర్స్ గార్డెన్స్' అనే వ్యాసంలో, రాయడానికి వీల్లేని నల్లజాతి తల్లులు తమ కళను ఎక్కడ దాచుకున్నారని వెతుక్కుంటూ పోయి తన తల్లి పూలతోట దగ్గర ఆగింది. రోజికా పార్కర్ 1984లో 'ద సబ్‌వర్సివ్ స్టిచ్' రాసినప్పుడు ఇంకో అడుగు వేసింది. ఇంగ్లండులో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పడమంటే తల వంచుకుని కూర్చోవడం, నోరు మెదపకపోవడం నేర్పడమే అని చూపించింది. అదే సూదితో వాళ్లు ఎదురు కూడా తిరిగారని చూపించింది. వాకర్ చదివితే బతుకమ్మ మీద ప్రేమ పెరుగుతుంది. పార్కర్ చదివాక పాపను పక్కన కూర్చోబెట్టుకుని పూలు పేరుస్తుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. నేను ఈ పిల్లకు ఏం నేర్పుతున్నాను?

బతుకమ్మకు ముందు మా చిన్నప్పుడు బొడ్డెమ్మ ఉండేది. భాద్రపదం చివర, పెత్రమాసకు ముందు రోజుల్లో. పుట్టమన్ను తెచ్చి, నీళ్లు పోసి మెత్తగా పిసికి, పీట మీద మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను కట్టేవాళ్లం. జాజుతో అలికి, ముగ్గు చుక్కలు పెట్టి, మెట్టు మెట్టుకూ పూలు గుచ్చి, సాయంత్రం చుట్టూ తిరిగి ఆడేవాళ్లం. పిల్లలు తమ చేతులతో తాము చేసుకునే పండుగ అదొక్కటే. పెద్దవాళ్లు సలహా ఇస్తే మాకు కోపం వచ్చేది. మట్టి పగుళ్లివ్వకుండా ఎంత తడి ఉండాలో నాకు ఇప్పటికీ వేళ్లకు తెలుసు. కానీ బొడ్డెమ్మ పెళ్లికాని పిల్లలది. ఆడితే మంచి మొగుడొస్తాడని చెప్పేవాళ్లు. పెళ్లయ్యాక బతుకమ్మ, అందులోనూ ఆట అయిపోయాక పసుపు కుంకుమలు ఇచ్చిపుచ్చుకునే ముత్తైదువలకు పెద్దపీట. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆడమనిషి బతుకును రెండు మెట్లుగా కట్టి చూపించినట్టుంటుంది. మూడో మెట్టు లేదు. చాలా ఇళ్లలో భర్త పోయిన స్త్రీ బతుకమ్మ పేర్చదు, గౌరమ్మను చెయ్యదు, తలకెత్తుకోదు. బొడ్డెమ్మ ఇప్పుడు చాలాచోట్ల అరుదైపోయింది, దాని గురించి బాధపడుతూ రాసినవి చదువుతుంటాను. ఈ లేని మెట్టు గురించి బాధపడిన వాళ్లు తక్కువ.

నాకు పేర్చడం నేర్పింది మా అమ్మ. గునుగు కొసలకు ఏ రంగు ఎంతసేపు పట్టించాలో ఆవిడకు తెలిసినట్టు మా వాడకట్టులో ఎవరికీ తెలియదు. నాన్న పోయిన ఏడాది దసరాకు అమ్మ పూలన్నీ ఏరి, కట్టలు కట్టి, రంగులేసి, తాంబాలం ముందు నన్ను కూర్చోబెట్టి తను గడప లోపలికి జరిగింది. ఎవరూ జరగమనలేదు. జరగొద్దని కూడా ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. అప్పటికే నేను స్త్రీవాద సభల్లో మాట్లాడుతున్నదాన్ని.

ఆ తర్వాత ప్రతి ఏడూ ఒకటే పద్ధతి. అమ్మ గడప లోపల నుంచి కట్టలు అందిస్తుంది, నేను పేరుస్తాను. నడుమ గుంట నింపే సమయానికి మాత్రం వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆకులు తుంచి పోసి, అరచేత్తో గట్టిగా అదిమి, చెయ్యి తుడుచుకుని లేచిపోతుంది. పక్కింటి వదినె చూస్తూనే ఉంటుంది, ఏమీ అనదు. వరస మీద పువ్వు పెడితే అంటుందేమో. లోపల నింపితే ఎవరికీ అభ్యంతరం లేదు, ఎందుకంటే లోపల ఉన్నది పండుగ లెక్కలోకి రాదు. ఇన్నేళ్లుగా ఇది నా కళ్లెదుట జరుగుతోంది. పాప అడిగేదాకా నేను దీన్ని చదవలేదు.

ఇంకో బతుకమ్మ సంగతి కూడా చెప్పాలి. ఈ మధ్య బడుల్లో పండుగకు ముందు పిల్లల చేత కాగితం బతుకమ్మలు చేయిస్తున్నారు. థర్మోకోల్ దిమ్మె, రంగుల క్రేప్ కాగితం, ఫెవికాల్. మా పాపా తెచ్చుకుంది ఆ పని. రాత్రి తొమ్మిదింటికి గుర్తొచ్చి ఏడుపు మొదలుపెడితే (ఈ పనులన్నీ తల్లులకే ఎందుకు హోంవర్కు అవుతాయో వేరే వ్యాసం రాయాలి) అందరం కూర్చున్నాం. నాకు ఆ దిమ్మెను చూస్తే ఒళ్లు మండింది. వాసన లేదు, వాడదు, నీళ్లలో వదలడానికి లేదు. లోపల ముందే గట్టిగా నిండి వస్తుంది కాబట్టి నింపే పనే లేదు. బతుకమ్మను అలంకార వస్తువుగా మార్చి పెట్టడమే ఇది, అని మనసులో ఒక పేరా రాసేసుకున్నాను కూడా. అంతలో చూస్తే అమ్మ వేళ్ల నిండా ఫెవికాల్ పూసుకుని, నవ్వుకుంటూ, వరస తర్వాత వరస కాగితం పూలు అతికిస్తోంది. చిట్టచివర పసుపుపచ్చ గుమ్మడిపువ్వు కూడా తనే చేసి పెట్టింది. దాన్ని అంటుకోవడానికి ఆవిడకు ఏ గడపా అడ్డం రాలేదు.

ఆ కాగితం బతుకమ్మ ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద దుమ్ము పట్టి ఉంది. తీసి పారెయ్యడానికి చెయ్యి రావడం లేదు. సహజమైనదంతా మంచిది, బజారుదంతా బోలు అని నేను రాసుకున్న వాక్యాలు దాన్ని చూస్తే నిలవడం లేదు.

ఇక పూల దగ్గరికి వద్దాం. బతుకమ్మ అడవి పూల పండుగ అనే మాట మా ఊళ్లో ఉండి వింటే నవ్వొస్తుంది. ఏటూరునాగారం చుట్టూ ఉన్నది అడవే. కానీ దట్టమైన చెట్ల నీడలో తంగేడు ఉండదు. అది ఎండ కోరే చెట్టు, చెలకల గట్ల మీద, రోడ్ల పక్కన, బీళ్లలో ఉంటుంది. గునుగైతే చేలల్లో కలుపు మొక్క. వంగి కలుపు తీసే కూలి ఆడవాళ్లకు అది పూజించే పువ్వుకన్నా ముందు నడుం నొప్పి. గడ్డిమందు కొట్టిన చేలల్లో ఇప్పుడు కలుపూ లేదు, గునుగూ లేదు, ఆ కూలీ లేదు. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, అదే ఏడాది తంగేడు రాష్ట్ర పుష్పం అయింది. గునుగును ఎవరూ ఏమీ చెయ్యలేదు.

మా చిన్నప్పుడు మగపిల్లలు పొద్దున్నే పోయి పూలు తెచ్చేవాళ్లు, తేవడం వాళ్ల వంతు, పేర్చడం మా వంతు. ఇప్పుడు బస్టాండు దగ్గర కొంటున్నాం. నాకు పూలమ్మిన ఆమె ఏదో కోయగూడెం నుంచి తెల్లవారకముందే మూట నెత్తిన పెట్టుకుని వచ్చింది. మీ ఇంట్ల కూడ పేరుస్తరా అని పాప అడిగింది. "మా పండుగలు వేరే ఉన్నయి బిడ్డా" అని చిల్లర లెక్క చూసుకుంది. ఆ మాటలో బాధ లేదు, పండుగ తనది కాలేదనే కొరత లేదు. బతుకమ్మ తెలంగాణ ఆడవాళ్లందరిదీ అని మనం రాసే వాక్యంలోకి ఆమెను అడక్కుండా లాగుతున్నామని మాత్రం నాకు అర్థమైంది. ఆట వలయంలో కూడా ఊరికీ వాడకూ మధ్య గీత ఉందని జూపాక సుభద్ర వంటి దళిత రచయిత్రులు చెబుతూనే వచ్చారు. 'నల్లపొద్దు', 'నల్లరేగటి సాల్లు' వంటి సంకలనాలు వచ్చాక కూడా 'స్త్రీల పండుగ' అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటే అది విమర్శ కాదు, ఆహ్వానపత్రిక.

ఆ గీతను చెరిపిన సందర్భాలు లేవని కాదు. రాష్ట్రం కోసం ఉద్యమం జరుగుతున్న రోజుల్లో బతుకమ్మ వాకిలి దాటి రోడ్డెక్కింది, ధర్నాల్లో ఎవరి పక్కన ఎవరు తిరుగుతున్నారో చూసుకునే తీరిక లేకుండా ఆడాం. రాష్ట్రం వచ్చాక అది స్టేడియంలోకి వెళ్లింది. 2025 సెప్టెంబరులో హైదరాబాద్ సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగుల బతుకమ్మను నిలబెట్టి గిన్నిస్ రికార్డు తెచ్చారు. మేం టీవీలో చూశాం. పాప నోరు తెరుచుకుని చూసి, "దాని లోపల ఎన్ని ఆకులు పట్టినయో" అంది. అమ్మ, "ఆకులు గాదు బిడ్డా, ఇనుప కడ్డీలుంటయి" అంది. ఆ రికార్డు మీద వచ్చిన వార్తలన్నింటిలోకీ నాకు నచ్చిన విమర్శ వాళ్లిద్దరిదే.

సద్దుల నాడు మళ్లీ చాప పరిచాం. మూడో వరస బంతి మీద ఉండగా పాప ఒక పువ్వు తీసుకుపోయి గడప లోపల కూర్చున్న అమ్మమ్మ చేతిలో పెట్టింది. "కాగితం దానికి పెట్టినవు గదా, దీనికి గూడ పెట్టు." అమ్మ నావైపు చూసింది. వదినె కూడా నావైపే చూసింది. నేను ఎన్నో వేదికల మీద చెప్పిన మాట ఆ నిమిషాన ఒక్కటీ నోటికి రాలేదు. "రా అమ్మా" అన్నాను, అదీ గట్టిగా కాదు. అమ్మ వచ్చి కూర్చుంది. పువ్వును పాప చేతికిచ్చి, ఆ చేతిని తన చేత్తో పట్టుకుని, ఇద్దరూ కలిపి వరసలో పెట్టారు. వదినె కొంచెంసేపు ఊరుకుని, "అత్తమ్మా, ఆ పువ్వు జర ఎడమకు జరుగాలె" అంది.

అంతే జరిగింది. ఆ తర్వాత అమ్మ మళ్లీ నడుమ నింపే పనిలో పడింది. పాట మొదలయ్యాక వలయంలోకి రాలేదు.

సాయంత్రం రామన్నగూడెం రేవుకు పోయాం. వానాకాలం నీళ్లు ఇంకా తగ్గలేదు, గోదావరి బురద రంగులో నిండుగా ఉంది. ఒడ్డునే తాంబాలం వంచి వదిలాం. రెండు నిమిషాలు బతుకమ్మ నిలబడే తేలింది. తర్వాత దారాలు వదులై, ముందు గుమ్మడిపువ్వు పోయింది, బంతి వరస విచ్చుకుంది, గునుగు కట్టలు ఒకటొకటే ఊడి, నడుమ నుంచి పచ్చటి ఆకు తునకలు గుప్పున నీళ్లమీదికి వచ్చాయి. అన్ని పూలకన్నా ఎక్కువ చోటు అవే పరుచుకున్నాయి.

"అమ్మమ్మా, మన ఆకులు! కనబడుతున్నయి!" అని పాప అరిచింది.

అమ్మ ఒడ్డుకు ఇంకొంచెం దగ్గరికి జరిగి, కళ్లద్దాలు సర్దుకుని, "ఏవి నీవి, ఏవి నావి?" అంది.