ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వము: ఒక పరిశీలన

పద్దెనిమిదవ శతాబ్దపు ఐరోపాను గురించి చెప్పేటప్పుడు మన పాఠ్యగ్రంథాలు ‘జ్ఞానోదయ యుగం’ అనే మాటను తప్పక వాడతాయి. మాంటెస్క్యూ, వోల్టేర్, రూసో అనే మూడు పేర్లు, వాటి వెంట 1789 నాటి ఫ్రెంచి విప్లవం; అంతటితో పాఠం ముగుస్తుంది. విద్యార్థి ఆ పేర్లను కంఠస్థం చేస్తాడు. కాని ఆ భావాలు ఏ రూపంలో వెలువడ్డాయి, ఎవరిని చేరాయి, సంఘంలో ఏమి మార్చాయి అనే ప్రశ్నలు అలాగే మిగిలిపోతాయి. వీటికి సమాధానం కావాలంటే ఆ యుగానికి ప్రతినిధి అనదగిన ఒక గ్రంథాన్ని తీసుకొని దాని గుణదోషాలను పరీక్షించటం మంచి మార్గం. దిదెరో, దాలంబేర్ అనే ఇద్దరు పండితుల సంపాదకత్వంలో ఆరంభమై, 1751 నుండి 1772 వరకు పారిస్‌లో వెలువడిన విజ్ఞాన సర్వస్వం అటువంటి గ్రంథం. తెలుగువారికి ‘విజ్ఞాన సర్వస్వము’ అనగానే కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు గుర్తుకు వస్తారు. ఒక భాష మాట్లాడే ప్రజల కోసం సకల శాస్త్రాలను ఆ భాషలోనే ప్రోగు చేయాలనే కోరిక ఎంత శ్రమతో కూడినదో వారి జీవితం మనకు తెలియజేస్తుంది. ఫ్రెంచి గ్రంథం కథ కూడ అటువంటిదే.

పుట్టుక, కష్టాలు

ఈ మహాగ్రంథం ఒక చిన్న వ్యాపార ప్రయత్నంగా పుట్టింది. ఇంగ్లండులో ఎఫ్రాయిమ్ చేంబర్స్ 1728లో రెండు సంపుటాల విజ్ఞాన కోశాన్ని ప్రచురించాడు. లె బ్రెతాన్ అనే పారిస్ ప్రచురణకర్త దానిని ఫ్రెంచిలోకి అనువదింపజేయాలనుకున్నాడు. 1747లో సంపాదకత్వం దిదెరో, దాలంబేర్‌ల చేతికి వచ్చిన తరువాత అనువాదం సంగతి వెనుకబడి, కొత్త గ్రంథం రూపొందింది. చివరకు అది 17 వ్యాస సంపుటాలుగా, 11 చిత్ర సంపుటాలుగా తేలింది. అందులోని వ్యాసాలు సుమారు 72,000. చిత్రఫలకాలు 2,500కు పైబడినవి. భాష లాటిన్ కాదు, ఫ్రెంచి. చదువుకొన్న ప్రతివాడు గురువు సాయం లేకుండ చదువుకోవచ్చును.

ప్రభుత్వానికి, మతాధికారులకు ఇది రుచించలేదు. మొదటి సంపుటం వెలువడక ముందే, 1749లో, అంధులను గురించి వ్రాసిన ఒక పుస్తకం కారణంగా దిదెరో మూడు నెలలకు పైగా వాంసెన్ కోటలో బందీగా ఉన్నాడు. 1752లో మొదటి రెండు సంపుటాలను నిషేధించారు. 1757లో రాజు పదునైదవ లూయీపై హత్యాప్రయత్నం జరిగిన తరువాత రచయితలపై శాసనాలు మరింత కఠినమైనవి. దాలంబేర్ విసిగి తప్పుకున్నాడు. 1759లో ప్రచురణ అనుమతిని పూర్తిగా రద్దు చేశారు. అదే ఏట పోపు కూడ గ్రంథాన్ని ఖండించాడు. అయినా పని రహస్యంగా సాగింది. మిగిలిన పది వ్యాస సంపుటాలు 1765 ప్రాంతాన, స్విట్జర్లాండులోని నూషటెల్‌లో అచ్చయినట్లు అబద్ధపు ముద్ర వేసుకొని ఒక్కసారిగా బయటికి వచ్చాయి.

ఇక్కడ ఒక వింత ఉన్నది. పుస్తకాలపై అదుపు ఉంచవలసిన ప్రభుత్వాధికారి మాల్‌జెర్బ్ స్వయంగా ఈ గ్రంథానికి రక్షకుడు. దిదెరో కుమార్తె వ్రాసినదాని ప్రకారం, కాగితాలను జప్తు చేయవలసి వచ్చినప్పుడు ఆయన ముందుగా కబురు పంపి, వాటిని తన ఇంటిలోనే దాచిపెట్టించాడు. అధికారి ఇంటిని ఎవరు సోదా చేస్తారు? మరొక వంక, గ్రంథానికి మిత్రుడు కావలసిన ప్రచురణకర్త లె బ్రెతాన్ భయపడి, సంపాదకునికి తెలియకుండ అచ్చు దశలో ఎన్నో భాగాలను కత్తిరించాడు. దిదెరో ఆ సంగతిని 1764లో కనిపెట్టేసరికి చేయి దాటిపోయింది. ప్రభుత్వం అంతా ఒక పక్షం, రచయితలంతా ఇంకొక పక్షం అని మనం గీసుకొనే గీత ఎంత తేలికదో దీనివల్ల తెలుస్తుంది.

చేతిపనులకు పీట

ఈ గ్రంథంలో మొదట మెచ్చుకోవలసినది చేతిపనులకు ఇచ్చిన గౌరవం. దిదెరో తండ్రి లాంగ్రె పట్టణంలో కత్తులు, చాకులు చేసే పనివాడు. ఆ కాలపు పండితులు కమ్మరిని, నేతగానిని, గాజుపనివానిని శాస్త్ర చర్చకు తగినవారుగా ఎంచలేదు. దిదెరో పనివారల కర్మాగారాలకు వెళ్ళి, వారిని ప్రశ్నించి, వారి పరిభాష నేర్చుకొన్నాడు. మేజోళ్ళు అల్లే యంత్రాన్ని గురించిన సుదీర్ఘ వ్యాసం ఆయనదే. గుండుసూదిని గురించిన వ్యాసం వ్రాసినవాడు దెలైర్. ఒక సూది అంగడికి చేరే ముందు 18 పనులు జరుగుతాయని అందులో వివరించాడు. ఆడమ్ స్మిత్ 1776లో శ్రమ విభజనకు సూదినే ఉదాహరణగా తీసుకొని, అదే 18 సంఖ్యను చెప్పాడు.

చిత్రఫలకాల అమరిక కూడ గమనింపదగినది. పై భాగంలో కర్మాగారం, అందులో పనిచేసే మనుషులు. క్రింది భాగంలో పనిముట్లు విడివిడిగా, కొలతలు తెలిసేటట్లు. వృత్తి సంఘాలు తమ రహస్యాలను కొడుకులకు, శిష్యులకు మాత్రమే అప్పగించే రోజులలో వాటిని అందరి ముందు పరచటం చిన్న విషయం కాదు.

అయితే విమర్శకుడు ఒక మాట చెప్పక తప్పదు. ఈ బొమ్మలలో పొగ లేదు, మసి లేదు, చెమట లేదు. పనివారి ముఖాలలో అలసట కనబడదు. పని ఎలా జరుగుతుందో చూపారే గాని, పనిచేసేవాడు ఎలా బ్రతుకుతున్నాడో చూపలేదు. మరొకటి: నీటిని తోడే ఆవిరి యంత్రాన్ని వర్ణించినా, యంత్రాలు మున్ముందు వృత్తులనే తలక్రిందులు చేస్తాయని గ్రంథకర్తలు ఊహించలేదు. వారు చిత్రించినది చాలవరకు త్వరలో మాసిపోనున్న ప్రపంచం.

గొర్రెపిల్ల మొక్క

ఈ గ్రంథం బలం ఎక్కడున్నదో తెలియాలంటే మొదటి సంపుటంలోని ఒక చిన్న వ్యాసం చూడాలి. దాని విషయం ‘సిథియా గొర్రెపిల్ల’. తార్తార్ల దేశంలో ఒక మొక్క ఉన్నదని, దాని కాడపై గొర్రెపిల్ల కాస్తుందని, అది చుట్టూ ఉన్న గడ్డిని మేసి, గడ్డి అయిపోగానే చనిపోతుందని ఐరోపాలో శతాబ్దాలుగా ఒక కథ ఉండేది. గొప్ప పండితులు కూడ దానిని తమ గ్రంథాలలో ఎక్కించారు. దిదెరో ముందు ఆ కథను, దానిని చెప్పినవారి పేర్లతో సహా, గంభీరంగా వివరిస్తాడు. పేర్లు ఎంత పెద్దవో, నమ్మకం అంత గట్టిదనిపిస్తుంది. తరువాత కెంఫర్ అనే యాత్రికుడు ఎంత వెదకినా అటువంటి మొక్క కనబడలేదని చెబుతాడు. హాన్స్ స్లోన్ అనే ఆంగ్ల వైద్యుడు పరీక్షించి, ఆ ‘గొర్రెపిల్ల’ నిజానికి పసుపుపచ్చని నూగుతో కప్పబడిన ఒక వేరు మాత్రమే అని తేల్చిన సంగతి బయటపెడతాడు. అది ఒక జాతి పర్ణాంగం దుంప అని నేటి వృక్షశాస్త్రం చెబుతుంది.

కథ అంతటితో ఆగితే అది ఒక వింత వార్త మాత్రమే. దిదెరో అక్కడి నుండి సాక్ష్యాన్ని తూచే పద్ధతికి వెళతాడు. ఒక సంగతి ఎంత అసాధారణమో, దానికి కావలసిన రుజువు అంత గట్టిదై ఉండాలి. చెప్పినవాడు కళ్ళారా చూచాడా, విన్నాడా? పదిమంది చెప్పారంటే పదిమంది చూచారా, లేక ఒకని మాటను తొమ్మిదిమంది తిరిగి వ్రాశారా? సంగతి అందరూ చూడగల చోట జరిగిందా, మారుమూల జరిగిందా? ఇవి అడిగి తీరవలసిన ప్రశ్నలు. ఆయన పేరు పెట్టి చెప్పకపోయినా, మహిమలను గురించిన కథలకు కూడ ఇదే కొలబద్ద వర్తిస్తుందని నాటి పాఠకునికి అర్థమైంది. అధికారులకు కోపం వచ్చిందంటే ఆశ్చర్యమేమున్నది?

నా అభిప్రాయంలో జ్ఞానోదయ యుగపు సారం ఇదే. ఆ గ్రంథంలోని సమాచారంలో ఎక్కువ భాగం నేడు పాతబడిపోయింది. కాని ‘ఇది నీకు ఎలా తెలిసింది?’ అనే ప్రశ్న పాతబడలేదు.

దీపం క్రింది చీకటి

ఇతరుల నమ్మకాలను ఇంత నిశితంగా పరీక్షించిన గ్రంథం తన్ను తాను అంతే నిశితంగా పరీక్షించుకొన్నదా? లేదు అనవలసి వస్తున్నది.

బానిస వ్యాపారాన్ని తీసుకొందాం. గ్రంథంలో సుమారు 17,000 వ్యాసాలు వ్రాసిన జోకూర్ 1765 నాటి సంపుటాలలో ఆ వ్యాపారాన్ని తీవ్రంగా ఖండించాడు. మనిషి స్వేచ్ఛ అమ్మకపు సరకు కాదని, ఇంతమందిని దుఃఖపెట్టటం కంటె వలస రాజ్యాలు నశించిపోవటమే మేలని ఆయన వాదం. కాని అదే గ్రంథంలో మరొక చోట నీగ్రో బానిసల కొనుగోలును, వారిచేత పనిచేయించే తీరును ఏదో సరకును గురించి చెప్పినట్లు వివరించిన వ్యాసాలున్నాయి. చక్కెర తయారీని చూపే ఫలకంలో తోట, గానుగ, వాటి మధ్య పనిచేసే బానిసలు ఉన్నారు. వారు అక్కడ ఎందుకున్నారనే ప్రశ్న మాత్రం లేదు. స్త్రీలను గురించిన వ్యాసాలలోను ఇదే వైరుధ్యం. ఒకచోట భార్యపై భర్త అధికారం ప్రకృతి సిద్ధమేనా అని ప్రశ్నిస్తారు; ఇంకొకచోట స్త్రీని చపలత్వానికి మారుపేరుగా చిత్రిస్తారు.

నూటికి పైగా రచయితలు పాల్గొన్న గ్రంథంలో ఏకాభిప్రాయం ఉండదని సమర్థించవచ్చును. అది నిజమే. కాని గొర్రెపిల్ల మొక్కను పరీక్షించిన కొలబద్దతో చక్కెర తోటను కూడ పరీక్షించి ఉంటే బాగుండేదని కోరటం అన్యాయం కాదు. ఫ్రెంచి వలసలలో బానిసత్వం 1794లో రద్దయి, 1802లో తిరిగి వచ్చి, 1848లో గాని శాశ్వతంగా పోలేదు. సెయింట్ డొమింగో బానిసలు 1791లో తామే తిరుగుబాటు చేసిన తరువాతనే మొదటి రద్దు వచ్చింది. భావాలు దారి చూపగలవు, నడవవలసినది మనుషులే.

ఎవరు చదివారు?

గ్రంథం విప్లవాన్ని తెచ్చిందనే మాట కూడ పరీక్షకు నిలవాలి. మొదటి ముద్రణ ప్రతులు సుమారు 4,000. మొత్తం సంపుటాల వెల చివరకు 980 లివ్రులైనది. రోజుకు ఒక లివ్ర్ ప్రాంతంలో సంపాదించే కూలివానికి అది సుమారు మూడేళ్ళ కష్టం. సూదులు చేసే పనివాడు తన పనిని వర్ణించిన ఆ పుస్తకాన్ని కొనలేడు. తరువాత స్విట్జర్లాండులో చౌక ముద్రణలు వచ్చాయి. అమెరికన్ చరిత్రకారుడు రాబర్ట్ డార్న్‌టన్ 1979లో ప్రచురించిన పరిశోధన ప్రకారం 1789కి ముందు ఐరోపాలో అన్ని ముద్రణలూ కలిపి సుమారు 24,000 ప్రతులు వ్యాపించాయి. కొన్నవారిలో ప్రముఖులు న్యాయవాదులు, ఉద్యోగులు, ప్రభువులు, కొందరు మతాచార్యులు. అనగా, ఏ వ్యవస్థను గ్రంథం ప్రశ్నించిందో ఆ వ్యవస్థలోని పెద్దలే దాని పాఠకులు.

అందుచేత దాని ప్రభావం లేదనుకోరాదు. అది వేరొక దారిలో పనిచేసింది. గ్రంథానికి వ్యాసాలు వ్రాసిన తుర్గో 1774లో ఆర్థిక మంత్రియై, 1776లో వృత్తి సంఘాల గుత్తాధికారాన్ని రద్దు చేశాడు. ఆయన పదవి పోగానే, అదే ఏట, సంఘాలు తిరిగి వచ్చాయి. 1791లో గాని అంతం కాలేదు. మశూచికి టీకా వేయటాన్ని గురించి ఇందులో త్రోంషాన్ అనే వైద్యుడు వ్యాసం వ్రాశాడు. మశూచి రోగి పుండు రసాన్నే ఎక్కించే ఆనాటి పద్ధతిని పారిస్ న్యాయస్థానం 1763లో నగరంలో నిలిపివేసింది. 1774లో రాజు పదునైదవ లూయీ ఆ రోగంతోనే మరణించాడు. మరుసటి నెలలో కొత్త రాజు తానే ఆ టీకా వేయించుకొన్నాడు. పుస్తకంలోని వాదం, కండ్లెదుట జరిగిన మరణం, రెండూ కలిసినప్పుడే అభిప్రాయం మారింది.

ఉపాధ్యాయులకు ఒక మనవి

జ్ఞానోదయ యుగాన్ని బోధించేటప్పుడు మహానుభావుల పేర్ల పట్టికతో సరిపెట్టకుండ, ఈ గొర్రెపిల్ల మొక్క కథను తరగతిలో చెప్పండి. తమ ఊరిలో అందరూ నమ్మే ఒక మాటను తీసుకొని, అది మొదట ఎవరు చూచారు, ఎలా తెలిసింది అని విద్యార్థులచేత విచారణ చేయించండి. ఆ తరువాత చక్కెర తోట బొమ్మను గురించి కూడ చెప్పండి. ఇతరుల మూఢనమ్మకాన్ని చూచి నవ్వటం సులభం. మనకు లాభం కలిగించే అన్యాయాన్ని ప్రశ్నించటం కష్టం. దిదెరో, ఆయన మిత్రులు మొదటిది అద్భుతంగా చేశారు, రెండవది సగమే చేశారు. మిగిలిన సగం తరువాతి తరాలకు వదిలిన పాఠం.