రేవు కథలో పొరుగువాడి గొంతు

వలస రేవు చరిత్రను సాధారణంగా రేవే రాసుకుంటుంది. అందులో పొరుగువాడికి ఏ పాత్ర దక్కిందన్నది సాహిత్య విమర్శ అడగవలసిన ప్రశ్న.

క్రీ.పూ. 600 ప్రాంతంలో ఫొకేయా నగరపు గ్రీకులు నేటి ఫ్రాన్స్ దక్షిణ తీరంలో మస్సాలియా రేవును స్థాపించారు. నేటి మార్సే నగరం అదే. దాని పుట్టుక కథ ఒక పెళ్ళి కథ. స్థానిక రాజు కూతురు గిప్టిస్ స్వయంవరంలో గ్రీకు యువకుడికి నీటిపాత్ర అందించి వరించింది. మామగారు అల్లుడికి నేల ఇచ్చాడు. వలసకు ఆతిథ్యమనే ముసుగు వేసిన కథ ఇది.

అయితే జస్టిన్ సంక్షేపించిన ట్రోగస్ చరిత్రలో కథ అక్కడ ఆగదు. రాజు పోయాక అతని కొడుకు కోమానుస్‌కు స్థానికుడొకడు నీతికథ చెబుతాడు. చూలుతో ఉన్న కుక్క ఈనడానికి గొర్రెలకాపరిని కాస్త చోటు అడిగింది. తర్వాత పిల్లల్ని సాకడానికి అడిగింది. పిల్లలు ఎదిగాక ఆ చోటు తనదేనంది. ట్రోగస్ స్వయంగా గాల్ తెగ సంతతివాడు. పొరుగువాడి భయం గ్రంథానికెక్కడానికి ఆ పుట్టుక తోడ్పడి ఉండవచ్చు.

మన భీమునిపట్నం కథకు ఈ రెండో సగం ఇంకా రావలసే ఉంది. 17వ శతాబ్దంలో డచ్చివారు అక్కడ స్థావరం వేశారు. 1825లో అది ఇంగ్లీషువారి పరమైంది. కోరమాండల్ రేవుల్లో డచ్చివారు ప్రధానంగా కొన్నది నేతబట్ట. దాన్నిచ్చి తూర్పు దీవుల్లో సుగంధ ద్రవ్యాలు కొన్నారు. భీమిలిలో డచ్చి సమాధుల మీద పేర్లున్నాయి. బట్ట నేసినవారికి అలాంటి రాయి లేదు. భీమిలి గురించి రాసేవారు తరచు ఆ సమాధుల దగ్గర నిట్టూర్చి వెనుదిరుగుతారు.

కాని నేతగాడు మూగవాడు కాడు. ఇంగ్లీషు కంపెనీ కాలంలో అతడు ఎదురు తిరిగాడు, ఊరు విడిచాడు, అర్జీలు పెట్టాడు. ఉత్తర కోరమాండల్ చేనేతకారులపై పి. స్వర్ణలత 2005లో ప్రచురించిన అధ్యయనం దీన్ని చూపింది. ఆ గొంతు పాలకుడి దస్తరాల్లోనే ఉంది. దాన్ని విని, మనిషిగా నిలబెట్టడం రచయిత పని.

అందుకు రేవును సముద్రం వైపు నుంచి కాక, బుచ్చయ్యపేట వంటి లోపలి ఊరి వైపు నుంచి చూడాలి. ఓడ వచ్చిన రోజున కాక, మగ్గానికి బయానా ముట్టిన రోజున కథ మొదలుపెట్టాలి.