తొమ్మిది నెలల చీటీ

కుంగుబాటు మందు పేదరోగికి అందుతుందా అన్న ప్రశ్నకు ధరల పట్టిక చూసి జవాబు చెప్పడం తేలికే గాని, ఆ జవాబు సగమే నిజమవుతుంది. భారతదేశంలో ఈ మందుల తయారీ ఖర్చు పెద్ద అడ్డంకి కాకుండా పోయి చాలాకాలమైంది. రోగిని సగం దారిలో ఆపేవి దాని చుట్టూ చేరే ఖర్చులు, అంటే ఆస్పత్రి వరుసలో పోయే అరపూట కూలి, చీటీ మీద రాసిన బ్రాండు పేరు, మందుల కిటికీ దగ్గర వినిపించే ‘స్టాక్ లేదు’ అన్న మాట, మందు వాడుతున్న సంగతి ఇరుగుపొరుగుకు తెలుస్తుందన్న జంకు. అందువల్ల రోగి మందు భరించగలిగేలా చూడడమనే పని దానధర్మం కన్నా లెక్కల పనికే దగ్గరగా ఉంటుంది. ఆ లెక్క వేయవలసిన మొదటి మనిషి చీటీ రాసే వైద్యుడు, రెండో మనిషి ఆస్పత్రిలోని వైద్య సామాజిక కార్యకర్త.

ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో చూడదలచినవారికి ముంబయిలోని తెలుగు వాడలు చాలా నేర్పుతాయి. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాలను విడిచి వచ్చి, రోడ్లు వేసి, ఇళ్లు కట్టిన కూలీలను ఆ నగరం కామాఠీలని పిలిచింది. వారు కాపురమున్న చోటే కామాఠీపురా అయింది. ఆ పేరు వినగానే బయటివారికి పడుపువృత్తి ఒక్కటే తలపుకు వస్తుంది గాని, అవే గల్లీల్లో తరాలుగా తెలుగు కుటుంబాలు ఉన్నాయి, ఇంటి పట్టున బీడీలు చుట్టి సంసారం ఈదిన ఆడవాళ్లు ఉన్నారు. ఇంకాస్త ఉత్తరాన వర్లీ, లోయర్ పరేల్, నాయ్‌గావ్‌లలో బట్టల మిల్లుల పని కోసం వచ్చిన పద్మశాలీలు చాల్‌లలో, అంటే వరండా వెంబడి ఒంటిగది ఇళ్లు వరుసగా ఉండే కట్టడాలలో, స్థిరపడ్డారు. కామాఠీపురా నుంచి నడిచిపోగల దూరంలోనే నగరపాలక సంస్థ నడిపే నాయర్ ఆస్పత్రి ఒకవైపు, రాష్ట్ర ప్రభుత్వం నడిపే జె.జె. ఆస్పత్రి మరోవైపు ఉన్నాయి. దగ్గరలో ఆస్పత్రి లేకపోవడం ఇక్కడి సమస్య కాదు.

మందు కూడా దూరమేమీ కాదు. కామాఠీపురా పక్కగా సాగే బెల్లాసిస్ రోడ్డు మీదనే, 1935లో ఖ్వాజా అబ్దుల్ హమీద్ స్థాపించిన సిప్లా కంపెనీ చాలాకాలం తన కార్యాలయాన్ని నడిపింది. మందుకు కాక, మందును తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చిన 1970 నాటి చట్టం వల్ల, విదేశీ కంపెనీ కనిపెట్టిన మందును మరో పద్ధతిలో తయారుచేసి అమ్మే వీలు భారతీయ కంపెనీలకు 2005 దాకా ఉండేది. అమెరికాలో 1987 చివర ప్రోజాక్ పేరుతో అనుమతి పొందిన ఫ్లూఆక్సెటిన్ అక్కడ 2001 దాకా ఒకే కంపెనీ చేతిలో ఉంటే, ఇక్కడ అంతకు ఎంతో ముందే పలు కంపెనీల పేర్లతో దుకాణాలకు చేరింది. ఆ పైన, ప్రభుత్వం ప్రకటించే అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలో ఫ్లూఆక్సెటిన్, ఎసిటలోప్రామ్, అమిట్రిప్టిలిన్ మూడూ ఉన్నాయి. ఆ జాబితాకెక్కిన మందుకు 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు గరిష్ఠ ధర కడుతుంది, అంటే మార్కెట్లో కనీసం ఒక శాతం వాటా ఉన్న బ్రాండ్ల సగటు ధర తీసి, దుకాణదారు లాభం పదహారు శాతం కలిపి, అంతకు మించి అమ్మకూడదంటుంది. అమెరికాలో మందుల కంపెనీలే పేదరోగుల దరఖాస్తులు తీసుకుని ఉచితంగా మందు పంపే పథకాలు నడుపుతాయి, అక్కడి ధరలకు అది అవసరం. ఆ నమూనాను ముంబయికి తెచ్చుకోవాలని ఉబలాటపడడంలో అర్థం లేదు.

చిక్కు మందు స్వభావంలోనే మొదలవుతుంది. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం త్వరగా వెనక్కి పీల్చుకుపోకుండా చూసే ఫ్లూఆక్సెటిన్, ఎసిటలోప్రామ్ వంటి మందులు మొదటి గోలీతోనే పని చూపవు. గుణం కనబడడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కాని కడుపులో వికారం, తలనొప్పి వంటి ఇబ్బందులు మొదటి వారంలోనే రావచ్చు. మనిషి తేరుకున్న తరువాత కూడా, జబ్బు తిరగబెట్టకుండా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు మందు కొనసాగించాలి. అంటే డబ్బు ముందు పోతుంది, గుణం తరువాత వస్తుంది, గుణం వచ్చాక కూడా డబ్బు పోతూనే ఉండాలి. వంటనూనెను ఏ పూటకా పూట కొనే ఇంట్లో గోలీలు కూడా నాలుగేసి, ఆరేసి కొంటారు. ఏ జ్వరమో పండగో వచ్చిన వారంలో ముందుగా జారిపోయేది, ‘ఇప్పుడు బాగానే ఉన్నాను కదా’ అనిపించే మనిషి గోలీయే. ఇలా అర్ధంతరంగా ఆగితే తలతిప్పు, నిద్రలేమి, చిరాకు వంటి లక్షణాలు కొందరిలో కనిపిస్తాయి. శరీరంలో చాలా రోజులు నిలిచే ఫ్లూఆక్సెటిన్‌కు ఈ బెడద తక్కువ, త్వరగా బయటికి పోయే పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లకు ఎక్కువ. వారం రోజులు చేతిలో డబ్బు ఆడకపోవచ్చునని తెలిసిన రోగికి మందు ఎంచేటప్పుడు ఈ తేడా కూడా లెక్కలోకి రావాలి, కాని చాలా చీటీలలో అది వచ్చిన జాడ కనిపించదు.

చీటీ విషయం మరికొంత వివరంగా చూడవలసిందే. 1945 నాటి ఔషధ నియమాల ప్రకారం, వైద్యుని చీటీతోనే అమ్మవలసిన ఇలాంటి మందులలో దుకాణదారు రాసిన దానికి బదులు మరొకటి, అందులో ఉన్నది అదే పదార్థమైనా సరే, ఇవ్వకూడదు. అంటే వైద్యుడు ఖరీదైన బ్రాండు పేరు రాస్తే, అదే ఎసిటలోప్రామ్‌ను చౌకగా అమ్మే జన ఔషధి కేంద్రం ఎదురుగానే ఉన్నా, నియమం రోగి చేతిని కట్టేస్తుంది. మందు అసలు పేరును స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో రాయాలని వైద్య మండలి 2016లోనే నిబంధన సవరించింది. ఆ ఒక్క మాట పాటిస్తే రోగి నెల ఖర్చు తగ్గడానికి మరే పథకమూ అక్కర్లేని సందర్భాలు కొల్లలు. వీటికి తోడు, ఎసిటలోప్రామ్‌ను క్లోనాజెపామ్ అనే నిద్రమందుతో కలిపిన జంట గోలీలు మార్కెట్లో విరివిగా ఉన్నాయి. నిద్రమందు ఆ రాత్రే పనిచేస్తుంది, అసలు మందు మూడు వారాలకు గాని పనిచేయదు. డబ్బు చాలనప్పుడు రోగి దేన్ని ఉంచుకుని దేన్ని వదులుకుంటాడో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు, ఆ ఉంచుకున్నదే అలవాటుగా మారే మందు. (పాలమూరు కల్లులో డైజెపామ్, ఆల్ప్రాజోలామ్ కలిపిన చరిత్ర తెలిసిన వైద్యుడు ఆ వైపు నుంచి వచ్చిన కూలీకి ఈ జంట గోలీ రాసే ముందు రెండుసార్లు ఆలోచిస్తాడు.) కంపెనీ ప్రతినిధి ఇచ్చిపోయిన శాంపిళ్లు పేదరోగి చేతిలో పెట్టడాన్ని చాలామంది దయ అనుకుంటారు, శాంపిళ్లు అయిపోయిన నాడు అదే బ్రాండు కొనవలసినవాడు ఆ రోగే కాబట్టి, అది దయ అవునో కాదో నిదానించి చెప్పాలి.

చౌక మందు మీద అపనమ్మకం కూడా ఒక ఖర్చే. ఖరీదైన బ్రాండు మాని జన ఔషధి గోలీకి మారిన మనిషి ఏ కారణం వల్లనైనా మరుసటి వారం దిగులుపడితే, తప్పు గోలీ చౌకదనం మీద పడుతుంది. మళ్లీ పాత బ్రాండుకు పోతాడు, రెండు నెలలకు అదీ మానుతాడు. మందు మార్చిన రోజునే ఈ సంగతి రోగి భాషలో చెప్పి పంపడం అయిదు నిమిషాల పని. కాని ముంబయి ఆస్పత్రిలో ఆ అయిదు నిమిషాలు మరాఠీలోనో హిందీలోనో గడుస్తాయి, ‘నిద్ర పడ్తలేదు, పానం బాగుంటలేదు’ అని చెప్పుకునే పెద్దావిడకు అవి సగమే చేరతాయి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్, 14416 నంబరు మీద తెలుగులో కూడా మాట్లాడుతుంది. అది ఇంటికి మందు పంపదు గాని, మందు ఎందుకు మానకూడదో సొంత భాషలో చెప్పే గొంతుగా పనికివస్తుంది.

చట్టం ఈ విషయంలో విచిత్రంగా ఉదారమైనది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్, అత్యవసర జాబితాలోని మందులను ప్రభుత్వ ఆస్పత్రులలో సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పైస్థాయి దాకా ఉచితంగా ఇవ్వాలంటుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఆ కార్డు చేతిలో ఉన్నా లేకపోయినా చికిత్సకు డబ్బు తీసుకోరాదంటుంది. గుర్తింపు పత్రాలు లేని కామాఠీపురా స్త్రీలకు ఈ రెండో మాట ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. అయినా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో నిర్వహించిన జాతీయ సర్వే, కుంగుబాటు ఉన్నవారిలో దాదాపు 85 శాతం మంది చికిత్సకు బయటే ఉన్నారని, మానసిక రోగం ఉన్న కుటుంబాలు నెలకు వెయ్యి నుంచి పదిహేను వందల రూపాయలు ఎక్కువగా చికిత్సకు, రాకపోకలకు వెచ్చిస్తున్నాయని తేల్చింది. ఆరోగ్య బీమా పథకాలలో పెద్దవి ఆస్పత్రిలో చేరినవారి ఖర్చు భరిస్తాయి. కుంగుబాటు రోగి మందు ఇంట్లో వేసుకుంటాడు గనుక, ఎన్ని కార్డులున్నా ఆ ఖర్చు అతని జేబు నుంచే పోతుంది.

ఇంట్లో వేసుకునే మందుకు కూడా పూచీపడిన పథకం ఒకటి ఈ వాడలకు ఒకప్పుడు బాగా పరిచితమే. 1948 చట్టంతో వచ్చిన ఇ.ఎస్.ఐ., అంటే కార్మిక రాజ్య బీమా, మిల్లు కార్మికునికి, అతని కుటుంబానికి డిస్పెన్సరీలో మందులు ఇచ్చేది. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడి, వాటిలో పనిచేసిన పద్మశాలీలు చిన్నచిన్న దుకాణాలకు, కాపలా పనికి, కుట్టుపనికి చెదిరిపోయినప్పుడు జీతంతో పాటు ఆ మందుల కిటికీ కూడా మూతపడింది. ఉపాధి పోయిన కుటుంబంలో కుంగుబాటుకు కారణాలు పెరిగిన కాలమూ, మందు దొరికే దారి మూసుకుపోయిన కాలమూ ఒక్కటే కావడం సమ్మె చరిత్రలు పెద్దగా పట్టించుకోని విషయం. కనీసం అయిదేళ్లు బీమాలో ఉండి పదవీ విరమణ చేసినవారు ఏడాదికి నూట ఇరవై రూపాయలు కట్టి వైద్య సౌకర్యం కొనసాగించుకోవచ్చన్న నియమం ఉన్నది. అర్హులైన ముసలివాళ్లకు దీన్ని గుర్తు చేయడం కూడా మందు సాయంలో భాగమే.

మందు ఆగకుండా చూడడం ఎలాగో కామాఠీపురాకు తెలియనిదేమీ కాదు. 2001లో సిప్లా, ఎయిడ్స్‌కు వాడే మూడు మందులను కలిపి ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానని ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఆ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టిన తొలి ఎనిమిది ఆస్పత్రులలో జె.జె. ఒకటి. ధర పడిపోవడం కథలో సగమే. మిగతా సగం ఆ కేంద్రాలలో జరిగే విసుగుపుట్టించే పని. డబ్బాలో మిగిలిన గోలీలు లెక్కపెడతారు, తేదీకి రాని మనిషిని వాకబు చేస్తారు, రోగి సొంతూరికి పోతే అక్కడి కేంద్రానికి కాగితం బదిలీ చేస్తారు. ఎయిడ్స్ మందుకు ఇంత చేసిన వ్యవస్థ, అదే గల్లీలో, ఒక్కోసారి అదే స్త్రీ వాడే కుంగుబాటు మందు దగ్గరికి వచ్చేసరికి చీటీ చేతికిచ్చి ఊరుకుంటుంది. ఆ గోలీలు ఎవరూ లెక్కపెట్టరు, ఆమె రాకపోతే ఎవరూ అడగరు. కుంగుబాటు అంటేనే లేచి వరుసలో నిలబడే ఓపిక పోవడం కనుక, తప్పిపోయినవారిని అడిగే పని అన్నిటికన్నా ఈ జబ్బుకే ఎక్కువ అవసరం.

కిటికీలో మందు లేనప్పుడు ఏమి చేయాలన్నది సామాజిక కార్యకర్త నేర్పు. నగరపాలక ఆస్పత్రులలో పేదరోగుల కోసం పూర్ బాక్స్ చారిటీ ఫండ్ ఉంటుంది. పెద్ద ఆపరేషన్లకే అలవాటుపడిన ఆ నిధిని నెలకింత చొప్పున గోలీలకు మళ్లించమని అడగడానికి ఒక మనిషి కావాలి. పదిహేను రోజులకు బదులు నెలకు సరిపడా ఇప్పించగలిగితే, రెండో అరపూట కూలి మిగులుతుంది, అది చాలాసార్లు మందు ధర కన్నా ఎక్కువే. కాని ఆత్మహత్య తలపులున్న రోగి చేతికి, ముఖ్యంగా మోతాదు మించితే గుండెకు ప్రమాదమైన అమిట్రిప్టిలిన్‌ను, నెల సరుకు ఇవ్వడం తగదు. అక్కడ పొదుపు పక్కకు పోవలసిందే, లేదా గోలీలు ఇంట్లో మరొకరి చేతికి ఇవ్వాలి. నూట అరవై చదరపు అడుగుల బీడీడీ (బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్) చాల్ గదిలో అలా దాచే చోటు ఏదన్నది కూడా అడగవలసిన ప్రశ్నే.

ఇప్పుడా చాల్‌లు కదులుతున్నాయి. వర్లీలో బీడీడీ చాల్‌ల స్థానంలో టవర్లు లేస్తున్నాయి, కామాఠీపురా పునర్నిర్మాణానికి ప్రణాళికలు సాగుతున్నాయి. కట్టడం పూర్తయ్యేదాకా కుటుంబాలు దూరపు అద్దె ఇళ్లకు పోతాయి, కొందరు భివండీలోని బంధువుల దగ్గరికి, కొందరు సిరిసిల్లకు, పాలమూరుకు చేరుకుంటారు. నాయర్ ఆస్పత్రి కేస్ పేపర్ మీద బ్రాండు పేరు, మోతాదు, సంతకం మాత్రమే ఉంటే సిరిసిల్ల ఆస్పత్రిలో అది మళ్లీ మొదటి రోజు అవుతుంది. మందు అసలు పేరు, అది రెండు రాష్ట్రాల ప్రభుత్వ ఆస్పత్రులలోనూ దొరకగల జాబితా మందు కావడం, మొదలుపెట్టిన నెల, ఏ నెల దాకా వాడాలో ఆ నెల, అంతకు ముందు మానితే ఏమవుతుందో తెలుగులో ఒక వాక్యం, ఇవన్నీ ఒక్క కాగితం మీద పట్టేవే. ఊరు మారబోతున్నారా అని రోగిని ముందుగా అడిగితే రాయడానికి వ్యవధి కూడా ఉంటుంది.